ముందుగా చెప్పి యుంచుట



మన పెద్దలలో అనేకులు పొలము ఎవరికి, ఇల్లు ఎవరికి అని వీలునామా వ్రాయింతురు. నోరు పెగలని స్థితిలో తమ శరీరమునకు ఏ వైద్యము చేయవలెనో, ఏది వద్దో మాత్రము చెప్పరు. అప్పుడు ఆసుపత్రి వరండాలో కుమారుడొక మాట, కుమార్తె యొక మాట. శ్వాసయంత్రము తీయుమన్నవాడు తండ్రిని చంపినవాడని నింద మోయును. ఉంచుమన్నవాడు పొలము కుదువ పెట్టును. అట్టి ఇండ్లకు మనము ప్రార్థనకు పోయి, ఏమియు తోచక తిరిగి వచ్చితిమి.

ఇట్లు వ్రాసి యుంచుట అవిశ్వాసము కాదా అని కొందరడుగుదురు. హిజ్కియా రాజును చూడుడి. ఇల్లు చక్కబెట్టుకొమ్మని వర్తమానము వచ్చిన తరువాతనే గదా అతనికి 15 సంవత్సరముల ఆయుష్షు కలిసినది! అంజూరపుపండ్ల ముద్దయు పుండుమీద వేసిరి. యాకోబు సైతము తన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దని యోసేపుచేత ప్రమాణము చేయించుకొనెను.

మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇట్టి పత్రమును అంగీకరించెను. పూర్వము మేజిస్ట్రేటు సంతకము కావలసి యుండగా, 2023 నుండి ఇద్దరు సాక్షులును, నోటరీ లేక గెజిటెడ్ అధికారియు చాలును. బాగుపడు ఆశ లేదని రెండు వైద్య మండలులు తేల్చిన గాని అది అమలు కాదు. ప్రాణము తీయు సూదికి అది సెలవియ్యదు. మరణమును ఊరక సాగదీయు వైద్యమును ఆపుటకే. మనసు మారినచో రద్దు చేయవచ్చును.

అయినను మనకొక భయము కలదు. బిడ్డలకు భారమగుదునను సిగ్గుతో ఒక విధవరాలు వ్రేలిముద్ర వేసినచో, అది ఆమె కోరికయా, ఇంటివారి కోరికయా? ఆమెను ఒంటరిగా కూర్చుండబెట్టి నెమ్మదిగా అడుగువారు సంఘములో ఎవరో ఒకరుండవలెను.