అంటని సాక్షి

మక్తల్‌లో పడమటి ఆంజనేయస్వామి ముందు నిలబడి 'స్వామీ, నువ్వే సాక్షి' అనే భక్తుడు చూస్తూ ఊరుకునే దేవుణ్ని కోరుకోడు. మరి ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీది రెండు పక్షుల్లో, పండు తినక సాక్షిగా చూసే రెండో పక్షి వల్ల లోకానికేం ఒరిగింది? జవాబు ఇన్వర్టర్‌లో దొరుకుతుంది. కొన్ని ఇన్వర్టర్లు 12 వోల్టుల బ్యాటరీ కరెంటును ముందు 300 వోల్టులు దాటించి, తర్వాత 230 వోల్టుల ఏసీ చేస్తాయి. ప్రాణం తీసే ఆ వైపు నుంచి బ్యాటరీ వైపుకు తీగ కలవకూడదు. అక్కడి హెచ్చుతగ్గులు మాత్రం ఇక్కడ తెలియాలి. అందుకే ఆప్టోకప్లర్ పెడతారు. అందులో ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఎదుటి ఫోటోట్రాన్సిస్టర్ గ్రహిస్తుంది. ఆ వెలుగు కబురుతోనే కంట్రోలర్ వోల్టేజీని అదుపులో ఉంచుతుంది. అంటకపోవడం వేరు, పట్టకపోవడం వేరు.

ఇంద్రియానికి వస్తువుతో సంబంధం (సన్నికర్షం) లేనిదే ప్రత్యక్ష జ్ఞానం లేదనే నైయాయికుడు వెలుగూ సంబంధమే అంటాడు. నిజమే, కానీ హాని మోయని సంబంధం. అద్వైతి అభ్యంతరం గట్టిది: సాక్షి ప్రకాశింపజేస్తుందే తప్ప సరిదిద్దదు. ఇన్వర్టర్‌లోనూ సరిదిద్దేది కంట్రోలరే, ఎల్‌ఈడీ కాదు. పోలిక తెగేది మరోచోట. ఎల్‌ఈడీ ఏళ్ల వేడికి మసకబారుతుంది. కబురు పూర్తిగా ఆగితే, వేరే రక్షణ లేని యంత్రం వోల్టేజీ తగ్గిందనుకొని ఇంకా పెంచుతుంది. ఉపనిషత్తు సాక్షికి మసక లేదు, మన మనస్సాక్షికి ఉంది. రెంటినీ ఒకటనుకోవడం పొరపాటు.