కండె కూడా ఓడే

బొమ్మకు విలువ ఎక్కడినుంచి వస్తుంది? కొట్టువాడు అతికించిన ధర చీటీ నుంచా, ఆడే పిల్లవాడి మనసు నుంచా? ఇదేం వేదాంతమమ్మా అనకండి. మా ముస్తాబాద్‌లో ఈ ప్రశ్న ఇంటి అరుగు మీదే పుట్టింది.

మా మనవడికి అంతరిక్ష యుద్ధం ఆట పిచ్చి. నల్లగుడ్డ మీద గళ్లు గీసి, పాచికలు వేసి, బుల్లి వ్యోమనౌకలను జరపాలి. వాడివి పట్నంలో కొన్న ప్లాస్టిక్ ఓడలు, ఖరీదైనవే. మరమగ్గాల ఇంటి పిల్లవాడు ఖాళీ కండెలు తెచ్చుకున్నాడు.

"గవి ఓడలా?" అన్నాడు మావాడు.

"నావి గుడ ఆరు పడితే ఆరు గళ్లే పోతయి గద!" అన్నాడు వాడు.

ఎంత మాట! అష్టాచెమ్మలో గాజుముక్క మెరుస్తుంది కదా అని చింతగింజ కంటే ఒక గడి ఎక్కువ నడుస్తుందా? రెండూ గవ్వల మాటే వింటాయి. 2014లో మన మంగళయాన్ సుమారు 450 కోట్ల రూపాయలతోనే అంగారకుణ్ణి చేరింది. చౌక ఓడ అని అంగారకుడు మొహం తిప్పుకోలేదు.

అలాగని చౌకైనదంతా మంచిదనీ అనను. పొనికి కర్రతో బొమ్మ చెక్కే నిర్మల్ పనివాడి దగ్గర గీసి గీసి బేరమాడితే, మిగిలే రూపాయి అతని కూలిలోదే. కొనేటప్పుడు చేసినవాడి కష్టం చూడాలి. ఆడేటప్పుడు మాత్రం ధర మరిచిపోవాలి.

పిల్లలకు ఓడ కొనిపెట్టడం తేలికే. ఎదుటివాడి కండెను ఓడగా ఒప్పుకోవడం నేర్పడమే కష్టం. ఆ ఒప్పుకోలు లేకపోతే బల్ల నిండా ఓడలుంటాయి గానీ, ఆడటానికి తోడుండదు.