ఖాళీ చాపలు



నిర్గమకాండము రెండవ అధ్యాయములో ఒక తల్లి తన మూడు నెలల బిడ్డను జమ్ము పెట్టెలో ఉంచి ఏటి ఒడ్డున విడిచినది. ఆ తల్లి విశ్వాసమును గూర్చి, రాజకుమార్తె కనికరమును గూర్చి మనము అనేకసార్లు విన్నాము. అయితే వారిద్దరి నడుమ నిలిచిన అక్కను గమనించితిరా? ఆమె దూరముగా నిలిచి కనిపెట్టినది. సమయము రాగానే ముందుకు వచ్చి మాట్లాడినది. ఆ చిన్నది నోరు తెరువకపోయినయెడల బిడ్డకు తల్లి పాలు లేవు, తల్లికి జీతమును లేదు.

బెంగళూరులో మేమున్న వీధి చివర ఒక శిశు సంరక్షణ కేంద్రమున్నది. తల్లులు పనికి పోయిన వేళ ఆరేండ్ల లోపు పిల్లలను అక్కడ చూచుకొందురు. గత నెలలో లోపలికి వెళ్లితిని. సగము చాపలు ఖాళీ. తిరిగి వచ్చుచుండగా ఒక ఇంటి గడపలో పదేండ్ల పాప, చంకలో తమ్ముడు.

"బడికి పోలేదా అమ్మా?"

"తమ్ముణ్ణి ఎవరు చూస్తారు అయ్యగారూ?"

ఆ మాట నన్ను రాత్రి నిద్రపోనియ్యలేదు. ఖాళీగా ఉన్నది ఒక్క చాప కాదు, ఆ పాప కూర్చుండవలసిన బడి బల్ల కూడ. 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కని 2009లో చట్టమైనది. ఆ హక్కు తమ్ముని బరువు క్రింద నలిగిపోవుచున్నది.

ఎందుకు పంపరని తల్లులను అడిగితిని. "మేము ఆరింటికే పోవాలి, వాళ్లు తెరిచేది తొమ్మిదిన్నరకు" అని ఒకామె. "ఆయమ్మకు తెలుగు రాదు, నా బిడ్డకు కన్నడ రాదు. దాహమైతే ఏమని అడుగుతాడు?" అని ఇంకొకామె. "మాకు ఇక్కడి కార్డు లేదు గదా" అని వేరొకామె. వీరిలో బిడ్డను ప్రేమించనివారు ఒక్కరును లేరు. నడుమ నిలిచి మాట్లాడువారే లేరు.

కార్డు భయము అక్కరలేదు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన అంగన్‌వాడీ పథకములో పేదవారమని రుజువు చూపనవసరము లేదు. ఆరు నెలలు మొదలుకొని ఆరేండ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారము హక్కని 2013 ఆహార భద్రతా చట్టము చెప్పుచున్నది.

ఒక సంగతి ఒప్పుకొనవలెను. రెండేండ్ల క్రితము ఆ కేంద్రపు టీచరమ్మ నాయొద్దకు వచ్చి, ఆదివారము ఒక ప్రకటన చేయుమని కోరినది. "ఆరాధనలో ఇటువంటివి చెప్పమమ్మా" అని పంపివేసితిని. మార్కు పదవ అధ్యాయములో చిన్నపిల్లలను తెచ్చినవారిని గద్దించినది పరిసయ్యులు కారు, శిష్యులే. ప్రభువు కోపపడినది వారిమీదనే. ఆ దినమున నేను వారిలో ఒకడను.

లూకా పదునాలుగవ అధ్యాయములో విందు యజమానుడు, స్థలము మిగిలియున్నదని విని తలుపులు మూయలేదు, దాసుని మరల రాజమార్గములలోనికిని కంచెలలోనికిని పంపెను. మన వీధి కేంద్రమునకు పిల్లలు రాకపోయినయెడల దానిని వేరొకచోట కలిపివేయుదురని చెప్పుచున్నారు. ఒకసారి పోయినది తిరిగి వచ్చునా?

కాబట్టి మా సంఘములో ఇట్లు తీర్మానించుకొంటిమి. స్త్రీల సమాజమునుండి ఇద్దరు సోమవారము తల్లుల వెంట వెళ్లుదురు. కన్నడము తెలిసిన యవ్వనస్థులు కాగితములు నింపుదురు. ఇంటివద్దనుండు పెద్దమ్మలు ఉదయము ఆరు మొదలు తొమ్మిదిన్నర వరకు పిల్లలను చూచుకొని, కేంద్రములో దింపుదురు. వేళలు మార్చుమని అధికారులకు మనవి వ్రాయుదుము. పంపి మరచిపోము, ఆ అక్కవలె కనిపెట్టుదుము. నీళ్లు, అన్నము, మరుగుదొడ్డి సరిగా ఉన్నవో లేవో వెళ్లి చూచెదము.

మీ వీధిలోను అటువంటి చాప ఒకటి ఉండవచ్చును. సోలాపూరులోనైనను, బరంపురములోనైనను, చెన్నైలోనైనను, యానాములోనైనను వెళ్లి చూడుడి. గడపలో నిలిచిన పాపను పేరు పెట్టి పలుకరించుడి.

మన నోరు తెరచుటకు దేవుడు మనకు ధైర్యము అనుగ్రహించును గాక. ఆమేన్.