కాటిలో చల్లిన గింజలు

తమిళనాడులో ధర్మపురి నుంచి హొగెనకల్ వెళ్ళే దారిలో ఉంటుంది ఇండూరు. వాన పడితేనే పంట పండే సీమ. రాగి, సామ, ఉలవ ఇక్కడి పైర్లు. మహాశివరాత్రి వెళ్ళిన అమావాస్యకు ఈ సీమలో అంకాళమ్మ ఊరేగింపుగా కాటికి బయల్దేరుతుంది. తమిళులు ఆ పండుగను మయాన కొళ్ళై అంటారు. తమిళుల అంగాళమ్మనే మన తెలుగిళ్ళు అంకాళమ్మా అని పిలుచుకుంటాయి.

ఈ పండుగ వెనకున్న కథ అందరికీ తెలిసిందే. శివుడు బ్రహ్మ ఐదో తల తుంచాడు. ఆ కపాలం ఆయన చేతికే అతుక్కుపోయింది. భిక్షలో పడిన మెతుకల్లా అదే మింగేది. అమ్మ వండి తెచ్చి రెండు ముద్దలు కపాలంలో వేసింది, మూడో ముద్ద కాటినేల మీద చల్లింది. రుచి మరిగిన కపాలం ఆ మెతుకుల కోసం చెయ్యి వదిలి దిగింది. దిగీ దిగగానే అమ్మ భీకరరూపమెత్తి దాన్ని కాలికింద అదిమేసింది.

నన్ను పట్టుకున్నది ఆ మూడో ముద్ద. శివుడు శూలంతో చేయలేని పనిని అమ్మ అన్నంతో చేసింది. ఆకలిని కసిరి తరమలేదు. ముందు పెట్టింది, తర్వాతే అణిచింది. కరువెరిగిన సీమ ఈ కథను ఇంత గట్టిగా పట్టుకోవడంలో నాకు వింతేమీ కనపడదు.

కాట్లో మట్టితో, బూడిదతో అమ్మ రూపాన్ని నేలమీద పరుస్తారు. రైతులు తాము పండించిన గింజలు, కూరగాయలు, వాటితోపాటు చిల్లర డబ్బులు దాని మీద చల్లుతారు. జనం ఎగబడి ఏరుకుంటారు. మామూలు రోజుల్లో కాటినుంచి వచ్చినవాళ్ళు స్నానం చేయనిదే గడప తొక్కరు, ఆడవాళ్ళనైతే అటు పోనివ్వనే పోనివ్వరు. ఆరోజు మాత్రం తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వెళతారు, అక్కడ దొరికిన గుప్పెడు గింజలు ఇంట్లో సిరి అని దాచుకుంటారు. మైల అని మనం గీసుకున్న గీతను ఆ ఒక్క పూట అమ్మే చెరిపేస్తుంది.

అయితే ఇదే నేలమీద పుట్టిన ఆడబిడ్డలకు ఏం జరిగిందో తలుచుకోకుండా ఈ మాటలు రాయడం నాకు చేతకాదు. పురిట్లోనే ఆడపిల్లల్ని చంపేసిన ప్రాంతాల్లో ధర్మపురి పేరు గట్టిగానే వినపడింది. వద్దనుకున్న బిడ్డను చంపకుండా వదిలి వెళ్ళమని ప్రభుత్వమే ఊయల పెట్టింది. 1992లో సేలంలో మొదలైన ఆ పథకం 2001లో ధర్మపురికి వచ్చింది. అమ్మను భుజాలమీద మోసిన ఊళ్ళే కూతుర్ని బరువనుకున్నాయి. పేదరికం, కట్నం కారణాలంటారు, నిజమే. కానీ అమ్మ కాటికి వెళ్ళింది అన్నం పెట్టడానికి. ఆమెకు మొక్కిన ఇంట్లో ఓ పసిదానికి గుక్కెడు పాలు దక్కలేదంటే, ఆ మొక్కు ఆమెకు చేరిందని నేను నమ్మలేను. చేతికి అతుక్కున్న కపాలం మనదీనూ. కట్నం పేరుతో అది ఎంత పెట్టినా తింటూనే ఉంది. దాన్ని కిందికి దింపి తొక్కే పని మనింట్లో ఎవరు మొదలుపెడతారని, ఏరుకున్న గింజలు కొంగున ముడేసుకునే ప్రతి తల్లినీ, పక్కన నిలబడ్డ ప్రతి తండ్రినీ అడగాలనిపిస్తుంది.