దాసుని పన్ను
(ధ్యానభాగము: నిర్గమకాండము 21:26, 27)



పంటికి బదులుగా పంటిని తీయవలెనను ధర్మమును వినని వారు మనలో లేరు. కొండమీది ప్రసంగములో ప్రభువు దానిని ఎత్తి మాటలాడెను గనుక అది అందరి నోటను ఉన్నది. అయితే నిర్గమకాండములో ఆ మాటకు మూడు వచనముల తరువాత మరియొక పంటి సంగతి కలదు. దానిమీద ప్రసంగము వినినవారు అరుదు. యజమానుడు తన దాసుని పన్నైనను దాసి పన్నైనను ఊడగొట్టినయెడల, ఆ ఒక్క పంటి నిమిత్తము ఆ మనిషిని స్వతంత్రునిగా పంపివేయవలెనని దేవుడు అక్కడ ఆజ్ఞాపించుచున్నాడు.

ఇది ఎంత వింతయైన మాటయో తెలియవలెనంటే బబులోను రాజైన హమ్మురాబి శాసనముతో పోల్చి చూడవలెను. ఆ శాసనము చెక్కిన నల్లరాయి 1901–02లో సూసా పట్టణపు త్రవ్వకములలో దొరికినది. నేడు పారిస్ నగరమందలి లూవ్రు మ్యూజియములో ఉన్నది. తనతో సమానుని పంటిని ఊడగొట్టినవాని పన్ను ఊడగొట్టవలెను. తక్కువ తరగతివాని పన్నైతే మినాలో మూడవ వంతు వెండి చెల్లించిన చాలును. దాసుని పంటి ఊసే అందులో లేదు! పరుని దాసుని కన్ను పోగొట్టినయెడల అతని వెలలో సగము ఇయ్యవలెనని మాత్రము ఉన్నది. ఆ వెండియు యజమానునికే గాని కన్ను పోయినవానికి కాదు. మోషే ధర్మశాస్త్రమును మొదట వినినవారు ఎవరు? నిన్న మొన్నటివరకు ఐగుప్తులో ఇటుకలు చేయుచు దెబ్బలు తినినవారు. తమ పంటిని లెక్కపెట్టిన దేవుని వారు అక్కడ చూచిరి.

ఇప్పుడు మన పామిడిముక్కల పొలములలోనికి వచ్చెదము. మన తాతలలో అనేకులు పాలేర్లుగా బ్రదికినవారే. నేడు మన పన్ను ఊడగొట్టు దొర ఎవడును లేడు. అయినను దవడ వాచి, చెంగు అడ్డము పెట్టుకొని, సగము నోటితో గంజి త్రాగి నాట్లకు పోవు అక్కను మనమందరము ఎరుగుదుము. లవంగము నలిపి పెట్టును, పొగాకు కాడ దవడన ఒత్తును. “ఉయ్యూరు వెళ్లి చూపించుకోమ్మా” అంటే, “నాట్లు అయ్యాక పోతానండి అయ్యగారూ” అనును. నాట్ల తరువాత కలుపు, కలుపు తరువాత కోతలు, కోతల తరువాత మినుము తీత. ఆ పంటికి సెలవు ఎన్నడును రాదు.

ఒకనాడు పోటు దానంతట అదే ఆగును. దేవుడు ప్రార్థన వినెనని ఇంటిల్లిపాది సంతోషింతురు. ప్రార్థనను నేను తక్కువ చేయను. కాని పుచ్చిన పంటిలో నరము చచ్చినప్పుడును పోటు ఆగునని తెలిసికొనవలెను. చీము వేరు క్రిందుగా ఎముకలోనికి దిగును. అరుదుగా దవడ క్రిందను మెడలోను వాపు పట్టి ఊపిరికే అడ్డము వచ్చును. నోరు తెరువలేకపోయినను, మ్రింగలేకపోయినను ఆ రాత్రియే పెద్దాసుపత్రికి పరుగెత్తవలెను. వైద్యునియొద్దకు పోవుట అవిశ్వాసమని చెప్పువారు రెండవ రాజుల గ్రంథము 20వ అధ్యాయము చదువుదురు గాక. హిజ్కియాకు స్వస్థత వాగ్దానము చేసిన తరువాతనే యెషయా అతని పుండుమీద అంజూరపు ముద్ద పెట్టించెను.

పై పన్ను తీయించిన కంటిచూపు పోవునని మన పెద్దమ్మలు గట్టిగా నమ్ముదురు. అది నిజము కాదు. చూపు నరము వేరు, పంటి నరము వేరు. ఇక నొప్పి భయమందురా, అది ఒకప్పుడు న్యాయమే. 1846లో బోస్టను నగరమున మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరు మత్తును వైద్యుల సమక్షమున చూపువరకు, పన్ను తీయించుకొనువానిని నలుగురు పట్టుకొనవలసివచ్చెడిది. 1943లో స్వీడను దేశమున కనుగొనిన లిగ్నోకెయిన్ నేడు చిన్న సూదితో చిగురును మొద్దుబార్చును. పట్టుకారు లాగుట తెలియును గాని కోత తెలియదు. తీయకుండ రూట్ కెనాల్ చేసి నిలుపగల పళ్లును కలవు. ముందుగా వెళ్లినవారికే ఆ భాగ్యము.

షుగరు, గుండె జబ్బు, రక్తము పలుచన చేయు మాత్రలు ఉన్నయెడల దాచక చెప్పవలెను. తీసిన తరువాత దూదిని అరగంటసేపు గట్టిగా కరచి పట్టవలెను. మాటిమాటికి ఉమ్మివేయరాదు, ఆ గుంటలో గడ్డకట్టిన రక్తమే దానికి మూత. అది ఊడినయెడల రెండు మూడు దినములలో మునుపటికంటె గొప్ప పోటు పుట్టును. పొగాకు, చుట్ట ఆ దినములలో ముట్టరాదు. ఎన్నడును ముట్టకుండిన మరీ మంచిది.

పనికి పిలుచు ఆసాములు మన సంఘములోను ఉన్నారు. ముఠా కట్టు మేస్త్రీలును ఉన్నారు. దవడ పట్టుకొని వచ్చిన మనిషిని ఆ దినము వరిచేలోనికి దింపక, ఆనాటి కూలి చేతిలో పెట్టి ఉయ్యూరు పంపుడి. పెద్ద పని అని అక్కడ చెప్పినయెడల గన్నవరము దగ్గర చినఔటపల్లిలో దంతవైద్య కళాశాల ఉన్నది. ఒంటరిగా పోవుటకు జంకు స్త్రీలకు స్త్రీల సమాజమువారు తోడు వెళ్లుదురు గాక. ఈ ఆదివారము ఆరాధన అయిన వెంటనే, ఎవరెవరికి పంటిపోటు ఉన్నదో సంఘపెద్దలు బల్లలవెంట అడిగి పేర్లు వ్రాసికొనుడి. నాట్లకు ఇంకను వ్యవధి ఉన్నది.