ధ్వని పుట్టే చోటు

శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణాన్ని డెసిబెల్ అంటారు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను పరిమితిగా విధించి, ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ నిశ్శబ్ద మండలాలకు అవకాశం కల్పించాయి. అయితే చట్టం వీధిలోని లౌడ్‌స్పీకరును కట్టడి చేయగలదే గాని, చేతిలోని ఫోను క్షణక్షణం దృష్టిని లాగివేయగా మనసులో రేగే సందడిని అణచలేదు.

ఆ సందడిని అణచే ఒక మార్గం 1907లో అరుణాచలంలో వెల్లడైంది. బొబ్బిలి సమీపంలోని కలవరాయిలో జన్మించిన మహాపండితుడు కావ్యకంఠ గణపతి ముని, ఏళ్ల తరబడి మంత్రజపం, అంటే మంత్రాన్ని నియమంతో పదేపదే ఉచ్చరించే సాధన, సాగించినా తపస్సు స్వరూపం బోధపడలేదని అక్కడి కొండ గుహలో ఉంటున్న రమణ మహర్షిని ఆశ్రయించారు. మహర్షి కొంతసేపు మౌనంగా చూసి, 'నేను' అనే తలంపు ఎక్కడ పుడుతున్నదో, జపించే మంత్రధ్వని ఎక్కడ నుంచి వెలువడుతున్నదో పరిశీలిస్తే మనస్సు అక్కడే లీనమవుతుందని, అదే తపస్సని బోధించారు.

ఈ ఉపదేశం శబ్దాన్ని విడిచిపెట్టమని చెప్పక, శబ్దం వెంట పరుగెత్తే దృష్టిని దాని మూలానికి మళ్లించమని చెప్పడం గమనార్హం. కాబట్టి కొండ గుహకు వెళ్లలేని గృహస్థు సైతం, హారన్ల నడుమనైనా, మోగిన ఫోనును అందుకోబోయే ముందు ఆ ఆత్రం ఎక్కడ మొదలైందో ఒక్క క్షణం గమనించగలిగితే, మౌనసాధనకు నాంది పలికినట్లే.