గురువు లేని చదువు: ఒక ధర్మసందేహం

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో మరమగ్గాల చప్పుడుతో బాటు తెలుగు మాట వినిపించడం వింత కాదు. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో బాటు తెలుగు మాధ్యమంలో కూడ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడపడం ఈ వలస చరిత్రకు సాక్ష్యం.

అటువంటి కుటుంబానికి చెందిన ఒక బాలిక ఇటీవల నన్నొక ప్రశ్న అడిగింది. ఆమె పదకొండవ తరగతి విజ్ఞానశాస్త్ర విభాగంలో చేరింది. గుజరాత్ విద్యావిధానంలో ఈ విభాగంలో గణితం ప్రధానమైన 'ఏ' వర్గం, జీవశాస్త్రం ప్రధానమైన 'బి' వర్గం, రెండూ కలిసిన 'ఏబి' వర్గం ఉన్నాయి. తాను చేరిన పాఠశాలలో ఉన్నత గణితం బోధించే ఉపాధ్యాయుడు లేనందున ఆమె 'బి' వర్గంలో చేరవలసి వచ్చింది. మనసు మాత్రం గణితం మీదనే ఉన్నది. "సార్, కలనగణితం నేనే చదువుకోవచ్చునా? లేక ఉన్న చదువుకే కట్టుబడి ఉండడం మంచిదా?" అన్నది ఆమె సందేహం.

పైకి ఇది తెలివితేటలకు సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. ఆలోచించిన కొలదీ ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అని తోచింది. పన్నెండు గంటల పాళీలో మగ్గం దగ్గర నిలబడే తండ్రి సంపాదన మీద సాగే చదువులో, ప్రతి గంటకూ ఇంకొకరి శ్రమ మూల్యంగా ఉంటుంది. ఆ గంటను తన ఇష్టం కొరకు వినియోగించే హక్కు ఆమెకు ఎంతవరకు ఉన్నది?

స్వయంకృషితో చదివిన వారి చరిత్ర మనకు ధైర్యాన్నిస్తుంది. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరి, ఉద్యోగం చేస్తూనే ప్రయివేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులైనారు. ముఖలింగం దేవాలయ శాసనాల లిపిని స్వయంగా చదవడం నేర్చుకున్నారు. అయితే ఈ చరిత్రలో మనం తరచు విస్మరించే అంశాలు రెండున్నాయి. బి.ఏ. వరకు చేరడానికి ఆయనకు పదహారేండ్లు పట్టింది. ఆ కాలమంతా చేతిలో జీతమున్నది. ఇక సవర భాషను ఆయన ఏకాంతంగా సాధించలేదు. తెలుగూ సవరా రెండూ తెలిసిన వ్యక్తిని ఇంటనే ఉంచుకొని నేర్చుకున్నారు. 1931లో వెలువడిన సవర భాషా వ్యాకరణ గ్రంథం వెనుక ఆ సామాన్యుని బోధన ఉన్నది. స్వయంగా చదవడమంటే గురువును కాదనడం కాదు; గురువు ఎక్కడ దొరికితే అక్కడ వెదకి పట్టుకోవడం.

రెండవ ఉదాహరణ హెచ్చరిక వంటిది. శ్రీనివాస రామానుజన్‌కు 1903లో కార్ రచించిన గణిత గ్రంథం లభించింది. ఆయన దానిలో పూర్తిగా మునిగి, ఇతర విషయాలను ఉపేక్షించినందువల్ల కుంభకోణం కళాశాలలో ఉపకారవేతనం కోల్పోయినారు. ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. ఆయన ఒంటరిగా కనుగొన్న ఫలితాలలో కొన్ని ఐరోపాలో అప్పటికే తెలిసినవి. 1913లో హార్డీకి వ్రాసిన లేఖకు ఆదరణ లభించకపోయి ఉంటే ఆ ప్రతిభ ఏమయ్యేదో ఊహించవచ్చు. లేఖకు సమాధానం రాని రామానుజన్‌లను చరిత్ర లెక్కించదు.

కనుక ఆ బాలికకు నేను చెప్పదగినది గొప్ప ఆశయమూ కాదు, నిరుత్సాహమూ కాదు. దీపావళి సెలవుల వరకు ఒక్క అధ్యాయం తీసుకొని ప్రయత్నించమన్నాను. వెనుక పుటలలోని సమాధానాలు చూడకుండా అభ్యాసాలు చేయాలి. ఒంటరిగా చదివే వారికి పరీక్షకుడూ తామే కావడం వలన తెలిసినదానికీ, తెలిసినట్లు తోచినదానికీ భేదం చెప్పేవారుండరు. అందువల్ల నెలకొకసారి అయినా ఆ లెక్కలు దిద్దే మనిషిని వెదుక్కోవాలి. ఉన్న మూడు విషయాలలో మార్కులు తగ్గితే నిస్సంకోచంగా ఆపివేయాలి. ముఖ్యంగా ఈ సంగతి ఇంట్లో దాచకూడదు. చదువు మూల్యం చెల్లించేవారికి అది ఎందుకు వెచ్చిస్తున్నామో తెలిసే హక్కున్నది. తన గంట తన ఇష్టానికి వినియోగించే హక్కు ఆమెకు ఈ షరతులతో సంక్రమిస్తుందని నా అభిప్రాయం.

ఇంతటితో ప్రశ్న ముగియలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేండ్ల బాలలకు వర్తిస్తుంది. సరిగ్గా చదువు కఠినమయ్యే చోట చట్టం చేయి వదలుతుంది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల, 2017లో ప్రారంభమైన 'స్వయం' పాఠాలు ఆ లోటును కొంత పూరిస్తున్న మాట నిజం. ఐతే పాఠం అందుబాటులో ఉండడం వేరు, తప్పు దిద్దే ఉపాధ్యాయుడుండడం వేరు. మొదటిదానిని చూపి రెండవదానిని మరచిపోవడం పరిపాలనలో ఉన్న మాబోటి వారికి సులభమైన ప్రలోభం.

ఏకలవ్యుని కథను మనం శిష్యభక్తికి ఉదాహరణగా చెప్పుకుంటాం. విద్య నేర్పడానికి నిరాకరించిన ద్రోణుడే, విద్య సిద్ధించిన తరువాత దక్షిణ అడిగినాడన్న సంగతిని మాత్రం చప్పున దాటిపోతాం. ఉపాధ్యాయుని ఇవ్వలేని సమాజం, స్వయంకృషితో పైకి వచ్చిన బిడ్డను సభలలో సన్మానించి ఆ కీర్తిలో వాటా కోరడం అటువంటిదే. ఆ బిడ్డ శ్రమ ప్రశంసనీయమే. అది మన లోపానికి సమర్థన కారాదు.

ఆమె నా వద్దనున్న పాత గణిత పుస్తకం తీసుకొని వెళ్ళింది. దానిని చదవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయించుకోవలసిన విషయం. పదహారేండ్ల బిడ్డ ఒంటరిగా అటువంటి నిర్ణయం తీసుకోవలసిన పరిస్థితి ఎందుకు వచ్చిందన్నదానికి మాత్రం సమాధానం చెప్పవలసినది ఆమె కాదు.